సెరూట్ దిగిన నోరు

పూడిమడక నుంచి ఎండుచేపల గంపలతో ఆటో వచ్చి ఆగేసరికి తలుపులమ్మ అప్పటికే అనకాపల్లి మార్కెట్ బయట తన జాగాలో గోనెపట్టా పరిచి కూర్చుని ఉంటుంది. నెత్తళ్ళు ఒక కుప్ప, సావళ్ళు ఒక కుప్ప, ఎండురొయ్యలు జల్లెడలో. ఈగల్ని తోలడానికి వేపమండ ఒళ్ళో పెట్టుకుంటుంది. అంతా సర్దుకున్నాక రొండిన దోపిన చుట్ట తీసి, వెలిగించి, రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పేసుకుని పెదాలు బిగిస్తుంది. ఇక ఆ మనిషికి ప్రపంచంతో పేచీ లేదు.

దీన్ని అడ్డపొగ అంటారు. కొత్తవాళ్ళు చూస్తే హడలిపోతారు గానీ ఆ చుట్టుపట్ల పెద్దవయసు ఆడవాళ్ళకి ఇది తల దువ్వుకోవడమంత మామూలు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. తలుపులమ్మకి ఇది వాళ్ళమ్మ గంగాభవాని నేర్పింది. బేరమాడేటప్పుడు కూడా చుట్ట తియ్యదు. "ఊ" అంటే ఇస్తానని, "ఊహూ" అంటే పొమ్మని. అడిగిన ధర మరీ అన్యాయంగా ఉంటే పెదాల సందులోంచి కాస్త పొగ వదులుతుంది. కొనేవాళ్ళకి ఆ భాష బాగానే అర్థమవుతుంది.

ఈ ఏడు ఎండాకాలంలో ఆమె అంగిలి మీద తెల్లగా ఒక మచ్చ తేలింది. పక్కనే చేపలమ్మే అంతోనమ్మకి చూపించింది. అంతోనమ్మ తన నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకుని, మెడ వంచి తొంగిచూసింది.

"ఇదేటే వదినా, ఇంత తెల్లగా ఉన్నాది. మాట దిగినట్టుందే."

"నాకూ అలగే అనిపించిందే," అంది తలుపులమ్మ.

మాట దిగడమంటే ఏమిటని అనకాపల్లిలో ఎవరూ ఎవరినీ అడగరు. ఈ ఒడ్డున పుట్టి ఓడలెక్కి పోయిన మాటలు ఉంటాయి కదా. అవి పరాయి దేశాల్లో పేర్లు మార్చుకుని, యాస మార్చుకుని, ఎన్నో నోళ్ళు తిరిగి, ఎప్పుడో ఒళ్ళు అలిసిపోయాక ఇంటిదారి పడతాయి. తమతో పనున్న మనిషిని వెతుక్కుని ఆ నోట్లో దిగుతాయి. దిగిన మాటకి నాలుక మీద బెల్లంముక్క పెట్టి, ఏ ఊరెళ్ళావు, ఎవరింట ఉన్నావు అని అడగడం మర్యాద. అది ఆ మనిషి నోటితోనే జవాబు చెబుతుంది. కొన్నాళ్ళుండి ఆ మనిషి మాటల్లో కలిసిపోతుంది.

ఆ మధ్య చీడికాడలో నానాజీ అనే చెరుకు రైతు నోట్లో పందికొక్కు దిగింది. ఇంగ్లీషువాళ్ళు తనని బాండికూట్ చేసి, అది చాలక ఎక్కడో ఆస్ట్రేలియాలో సంబంధం లేని జంతువుకి ఆ పేరు తగిలించేశారని, పెళ్ళిభోజనాల పంక్తిలో నానాజీ నోటితో మొత్తుకుంది. నానాజీ తోటని పందికొక్కులు నాశనం చేసిన ఏడాది అది. అయినా గడపలోకొచ్చిన చుట్టానికి బెల్లం పెట్టకుండా ఎలా ఉంటాడు? పళ్ళు నూరుకుంటూనే పెట్టాడు.

అందుచేత తలుపులమ్మ అంగిలి మీద మచ్చని చూసి ఎవరూ కంగారుపడలేదు. ఆమె కూతురు పావని ఒక్కర్తే పడింది.

పావని మెయిన్ రోడ్డులో మందుల షాపులో పనిచేస్తుంది. తండ్రి సముద్రం మీద వేటకెళ్ళి తిరిగిరాని నాటి నుంచి ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. మచ్చ సంగతి తెలిసిన రోజున ఆమె తల్లి గడ్డం పట్టుకుని సెల్‌ఫోన్ లైటు నోట్లోకి వేసి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇది మాట కాదు."

"మాట కాకపోతే మరేటి?"

"మాటైతే ఈపాటికి మాటాడాలి కదా. నెల దాటింది."

"కొన్ని మాటలికి సిగ్గెక్కువ."

"నువ్వు నవ్వకు. రేపు ఆస్పత్రికి వెళ్దాం. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు, అంతే."

"ఇంటికొచ్చిన మాటని కోయించేత్తావేటే? పాపం కాదూ?"

"పోనీ ఆ చుట్టయినా మానెయ్యి."

"ఇది సుట్ట మాటే అయ్యుంటాది. నా నోట్లో మరేటి దిగుద్ది? పొగ లేకపోతే దానికి కూడేటి పెట్టమంటావు?"

ఆ వాదన తలుపులమ్మకే ముచ్చటేసింది. ఆ రోజు నుంచి చుట్టానికి మర్యాద తక్కువ కాకూడదని ఒక చుట్ట ఎక్కువే కాల్చింది.

భయం లేదని కాదు. భయం ఉంది. తల్లి గంగాభవానికి కూడా ఇలాగే, ఇదే చోట, ఇంతే తెల్లగా వచ్చింది. వీధివీధంతా వచ్చి చూసి మాట దిగిందన్నారు. రోజూ ఎవరో ఒకరు బెల్లంముక్క తెచ్చి ఆమె నాలుక మీద పెట్టి, ఏ ఊరి నుంచి వచ్చావమ్మా అని అడిగేవారు. అది పలకలేదు. పోను పోను ఆమె గంజి కూడా మింగలేకపోయింది. చనిపోయిన రోజున అందరూ ఒకే మాట అన్నారు: చాలా పెద్ద మాటే దిగినట్టుంది, మనిషిని కూడా తనతో తీసుకుపోయింది. తలుపులమ్మ ఏడుస్తూనే ఆ మాటకి కాస్త గర్వపడింది. ఇన్నేళ్ళుగా ఆ గర్వాన్ని పట్టుకునే బతికింది. ఇప్పుడు తన మచ్చ మాట కాదంటే, తల్లిది కూడా కాదనాలి. ఆ తలుపు తియ్యడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

ఇవేవీ పావనికి చెప్పలేదు. పావని రెండు వారాలు బతిమాలింది, ఒక వారం ఏడిచింది, చివరికి ఒక ఉదయం చెప్పులు వేసుకుంటూ, "డాక్టరుకి నోరు చూపించేదాకా నీతో మాటాడను," అని వెళ్ళిపోయింది.

అన్నంత పనీ చేసింది. ఇంట్లో గిన్నెలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, పక్కింటి పిల్లితో మరీ ముచ్చట్లాడేది. తల్లి ముందు కంచం పెట్టి గోడవైపు తిరిగేది. తలుపులమ్మ కూడా పంతం మనిషే. కానీ మార్కెట్ నుంచి వస్తూ, ఇంటి మలుపు దగ్గర, ఈ రోజైనా అమ్మా అని పిలుస్తుందేమోనని రోజూ ఆశపడేది. పిలవకపోతే చుట్ట వెలిగించుకునేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుని మార్కెట్ ఖాళీ అయిపోయింది. ఎండుచేపల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఆడవాళ్ళందరూ రేకుల కింద చేరారు. తలుపులమ్మ చుట్ట వెలిగించి నిప్పు లోపలికి తిప్పుకుంది. నోట్లో చుయ్ మని చప్పుడై అది ఆరిపోయింది. బయటికి తీసి చూస్తే కొసన బూడిద లేదు, మంచు పట్టినట్టు తెల్లగా తడి ఉంది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది.

"పొగాకు తడిసినట్టుంది. ఇదిగో, నాది ఇంద," అని అంతోనమ్మ తన చుట్ట ఇచ్చింది. అదీ అంతే.

అప్పుడు నాలుక మీద చల్లగా ఏదో కూర్చున్నట్టు తెలిసింది. చేపల పెట్టెలోంచి ఐసుముక్క తీసి పెట్టుకున్నట్టుంది గానీ అది కరగడం లేదు. ఆ చల్లదనం మెల్లగా చిగుళ్ళకి, బుగ్గలకి, అంగిలికి పాకింది. పెళ్ళయిన నాటి నుంచి నిప్పు తప్ప ఎరగని నోరు అది. తలుపులమ్మకి ఏడుపొచ్చినంత హాయిగా అనిపించింది.

"నా నోరు సల్లబడిపోయిందే అంతోనమ్మా."

"వాన గాలే. కొంగు కప్పుకో."

ఇంటికి వెళ్ళేసరికి పావని వంకాయలూ ఎండుచేపలూ వేసి పులుసు కాచింది. కంచం ముందు పెట్టి ఎప్పటిలాగే గోడకి తిరిగింది. తలుపులమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పులుపు తెలిసింది. ఉప్పు తెలిసింది. చేప రుచి, వంకాయ రుచి వేరు వేరుగా తెలిశాయి. ఎన్నో ఏళ్ళుగా ఆమెకి కారం ఒక్కటే తెలిసేది, అందుకే ప్రతి కూరలోనూ పిడికెడు కారం ఎక్కువ వేయించేది. నా కూతురు ఇంత బాగా వండుతుందా అనుకుంది, ఆ మాట పైకి అనాలనిపించింది.

రెండో ముద్ద అంగిలికి తగిలింది. ప్రాణం లేచిపోయినంత నొప్పి. ముద్ద కంచంలో పడిపోయింది. నిప్పు ఇన్నాళ్ళూ మొద్దుబార్చిన చోట ఇప్పుడు చల్లదనానికి తెలివొచ్చింది. నాలుక కొస పైకెత్తి మెల్లగా తడిమింది. చుట్టూ గట్టిగా గట్టు కట్టి ఉంది, నడుమ గుంట పడి ఉంది. ఆమె కదలకుండా కూర్చుండిపోయింది.

పావని తిరిగి చూసింది. ఏమైందని అడగబోయి పెదవి కొరుక్కుంది. అప్పుడు తలుపులమ్మ ప్రమేయం లేకుండానే ఆమె నోరు తెరుచుకుంది. గొంతు ఆమెదే, యాస మాత్రం ఏ దేశానిదో.

"తల్లీ, కాస్త బెల్లం దొరుకుతుందా?"

పావని చటుక్కున లేచింది. తల్లితో ఎంత పంతమున్నా చుట్టం చుట్టమే. డబ్బాలోంచి బెల్లంముక్క తీసి తల్లి నాలుక మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఎదురుగా మఠం వేసుకు కూర్చుంది.

"దయచేయండి. ఏ ఊరు వెళ్ళేరండీ? ఎవరింట ఉన్నారు?"

ఎన్నాళ్ళకో ఆ గొంతు తన ముఖం వైపు తిరిగి మాట్లాడింది. అడిగింది తనని కాకపోయినా తలుపులమ్మ కళ్ళు నిండాయి.

"ఎక్కడ మొదలుపెట్టమంటావు," అంది మాట. "ఆకుని చుట్టడంలోంచి పుట్టేను. అరవదేశం రేవులో ఓడ ఎక్కేనో, ఈ ఒడ్డునే ఎక్కేనో నాకే సరిగ్గా గుర్తులేదు. అక్కడ నన్ను సురుట్టు అనేవారు, ఇక్కడ చుట్ట అనేవారు. ఇద్దరిదీ ఒకే తల్లి. దొరలు నోట పెట్టుకుని షెరూట్ చేసేరు. వాళ్ళ దగ్గర చాలాకాలం బాగానే గడిచింది. వాళ్ళ నోట్లోంచి నన్ను స్వీడన్ వాళ్ళు అరువు తెచ్చుకున్నారు."

"అదెక్కడండీ?"

"పైన. చాలా పైన. ఏడాదిలో సగం చీకటి, సగం మంచు. వాళ్ళు నన్ను సెరూట్ అన్నారు. చేపలు పట్టేవాళ్ళు, ఓడలు నడిపేవాళ్ళు, సముద్రం ఒడ్డునే ఉన్నాను కాబట్టి మరీ బెంగ పెట్టుకోలేదు. కానీ ఇప్పుడు నన్ను పలికేవాళ్ళు తగ్గిపోయేరు. ఒక ముసలాయన నోట్లో మిగిలేను. ఆయన మంచం పట్టి మాట పడిపోయేక, ఇక బయల్దేరిపోదామనుకున్నాను. అరువు తెచ్చుకున్న మాటని వెళ్ళొద్దని ఎవరూ అనరమ్మా."

పావని గ్లాసుతో నీళ్ళు తెచ్చి తల్లికి పట్టింది. మాట గొంతు సవరించుకుంది.

"ఎన్ని నోళ్ళు తిరిగేనో. నిప్పుని లోపల పెట్టుకునే నోరు మాత్రం ఇదే చూడ్డం. మొదట భయపడ్డాను."

పావని నవ్వలేదు. ఆమె ముఖం గట్టిపడింది. ఏం అడగబోతోందో తలుపులమ్మకి అర్థమైపోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పావని ఆ చేతిని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"మీకంటే ముందే ఆ నోట్లో ఒక మాట దిగి ఉందటండీ. అంగిలి మీద ఉందట. పలకరించేరా?"

తలుపులమ్మ పెదాలు బిగించింది. ఇన్నేళ్ళు నిప్పుని బయటికి జారనివ్వని పెదాలు అవి. మాట వాటిని తెరవడానికి చాలాసేపు పట్టింది.

"వెతికేను," అంది చివరికి. "ఇక్కడ నేను ఒక్కదాన్నే."

"మరి ఆ తెల్లటిది?"

"అది మాట కాదమ్మా. ఏ ఊరని అడిగేను, దానికి ఊరు లేదు. పేరడిగేను, పేరూ లేదు. అది తింటోంది, అంతే."

బయట వాన నీళ్ళు రేకు మీంచి బిందెలో పడుతున్నాయి. పావని తల్లి కేసి చూసింది. ఇప్పుడైనా ప్రాణం మీద భయంతో ఏడుస్తుందనుకుంది. తలుపులమ్మ ఏడిచింది గానీ అది తన కోసం కాదు.

"మా అమ్మకి రోజూ బెల్లం ఎట్టేనే," అంది. ఈసారి గొంతూ యాసా రెండూ ఆమెవే. "నా సేత్తోనే ఎట్టేను. నీకు దండమెడతాను, మా అమ్మని ఒగ్గీసి ఎల్లు తల్లీ అని దాన్ని బతిమాలేను. ఆకర్రోజు కూడా ఎట్టేను. అది మాట కాదే. అది మా అమ్మని తింతా ఉంటే మేమందరం సుట్టూ కూకుని దానికి మర్యాద సేసేము."

"అమ్మా," అంది పావని. తల్లి తలని రెండు చేతులా గుండెకి అదుముకుంది. "అమ్మా, నీకేటి తెలుసు అప్పుడు. ఊరుకో. అమ్మా."

తెల్లారి ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మదీ ఈ చుట్టుపక్కలే, రోలుగుంట వైపు. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే, మాటనుకున్నానమ్మా అని తలుపులమ్మ తల దించుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. మా మేనత్తా అలాగే అనుకుంది అని, టార్చి వేసి చూసింది. లోపల సెరూట్ మర్యాదగా నాలుక కిందకి తప్పుకుంది. ముక్క తీశారు, పరీక్షకి పంపారు. వచ్చిన కబురు మంచిది కాదు. కానీ ఇంకా లోపలికి దిగలేదని, ఇప్పుడు కోసేస్తే మనిషి దక్కుతుందని, ఇంకో నాలుగు నెలలు ఆగి వచ్చుంటే తన దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ అంది. విశాఖపట్నం పెద్దాస్పత్రికి కాగితం రాసిచ్చింది.

కోసేటప్పుడు మాట ఎక్కడుండాలన్నది ఒక సమస్య అయింది. పావనే పరిష్కరించింది. తల్లి కొరికిన బెల్లంముక్క సగం తను తింది, సెరూట్ ఆమె నోట్లోకి మారింది. తల్లి ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ కూతురు వరండాలో కూర్చుని చల్లబడిన నోటితో దానికి తన భయాలన్నీ చెప్పుకుంది. అదీ ఎంతో ఓపిగ్గా విన్నది. ఎంతమంది చావులు చూసి వచ్చిన మాటో కదా.

తలుపులమ్మ బతికింది. అంగిలికి ఒక పలక అమర్చారు, అది తీసి కడుక్కోవాలి, మళ్ళీ పెట్టుకోవాలి. మాట ముక్కులోంచి వస్తుంది, సగం అర్థం కాదు. అద్దంలో నోరు చూసుకున్న రోజున అన్నం మానేసి పడుకుంది. చుట్ట కోసం చెయ్యి రొండికి వెళ్ళినప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేసి ఏడిచేది. సెరూట్ తిరిగి ఆమె నోట్లోకి వచ్చింది. కొన్నాళ్ళకి కలిసిపోవాల్సిన మాట కలిసిపోలేదు. అలా చల్లగా కూర్చునే ఉంది, ఇంకా ఏదో పని మిగిలి ఉన్నట్టు.

చలికాలం వచ్చాక తలుపులమ్మ మళ్ళీ మార్కెట్‌లో గోనెపట్టా పరిచింది. బేరం ఇప్పుడు చేతి సైగలతో ఆడుతుంది. చుట్ట ఉన్నప్పుడూ ఇంతే కదా అని పాత ఖాతాదార్లు సర్దుకుపోయారు. పక్కన అంతోనమ్మ మాత్రం ఎందుకో మునుపటిలా వాగడం లేదు. అరచేత్తో బుగ్గ పట్టుకుని కూర్చుంటోంది. ఒక పొద్దున చేపలు సర్దడం ఆపి, తలుపులమ్మ దగ్గరగా జరిగింది.

"వదినా, ఓపాలి నా నోరు సూడవే. నాకూ మాట దిగినట్టున్నాది. ఎండాకాలం నుంచే ఉన్నాది, సెప్పనేదు."

తలుపులమ్మ చూడలేదు. చూసినా తనకేం తెలుస్తుంది? కొంగుముడి విప్పి బెల్లంముక్క తీసింది, సగం కొరికి మిగతా సగం చాచింది.

"ఎంగిలి అనుకోకే."

"మనకి ఎంగిలేటే," అంది అంతోనమ్మ. నోట్లో చుట్ట తీసి రాతి మీద పెట్టింది. నుదుటి మీదా గుండె మీదా సిలువ గుర్తు వేసుకుని, బెల్లంముక్క అందుకుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. తలుపులమ్మ కళ్ళు మూసుకుంది. ఎవరైనా ఉండాలి అనుకుంది. ఏ దేశం పోయొచ్చిన మాటైనా ఫర్వాలేదు, బూతుమాటైనా ఫర్వాలేదు, ఒక్కటి ఉంటే చాలు. తన తల్లి కోసం బతిమాలినట్టే లోలోపల బతిమాలింది. అంతోనమ్మ బుగ్గలు చలికి సన్నగా వణికాయి. తర్వాత ఆమె నోరు తెరుచుకుంది.

"ఇక్కడ నేను ఒక్కదాన్నే," అంది సెరూట్.

అంతోనమ్మ కాసేపు తన చేపల కుప్పలనే చూస్తూ కూర్చుంది.

"సచ్చిపోతానేటే వదినా?"

తలుపులమ్మ లేచి ఇద్దరి చేపల మీదా పట్టా కప్పింది. అంతోనమ్మ మోచెయ్యి పట్టుకుని లేపింది. ముక్కుతో మాట్లాడుతున్నా ఆ పూట ఆమె మాట మార్కెట్ చివరిదాకా అందరికీ అర్థమైంది.

"మా అమ్మ సచ్చిపోయింది. నాను సావనేదు. లెగు, డాక్టరమ్మ మద్దేన్నం దాకా ఉంటాది."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆస్పత్రి రోడ్డు పట్టారు. ఎండ బాగా ముదిరాక తిరిగొచ్చేసరికి, తలుపులమ్మ గోనెపట్టా చుట్టూ చేపలమ్మే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరి నోట్లోనూ చుట్ట లేదు. అందరి చేతుల్లోనూ ఒక్కో బెల్లంముక్క ఉంది.